నార్మల్ అని రాసిచ్చారు

నాది అనుమానించి బతికే ఉద్యోగం. కరెంటు ఆఫీసులో చెకింగు విభాగంలో పనిచేసేవాణ్ణి. హఫీజ్‌పేట, కొండాపూర్, మాదాపూర్ చుట్టుపక్కల ఎవరు మీటర్‌కు అందకుండా కరెంటు వాడుకుంటున్నారో పట్టుకోవడం మా పని. ఆ రోజుల్లో మాదాపూర్ గుట్టల మధ్య అద్దాల మేడలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. మేడల వెనక గుడిసెలు, గుడిసెల మీదుగా తీగలు, తీగలకు కొక్కేలు. మా జీపు మొదటి మలుపు తిరిగేసరికే ఎవరో ఒకరు ఈల వేసేవారు. మేం చేరేలోపు కొక్కేలన్నీ దిగిపోయేవి. పట్టపగలే ఒకామె మా కోసమని కిరసనాయిలు దీపం వెలిగించి గుమ్మంలో పెట్టింది కూడా. చూడటానికి వెళ్ళినప్పుడు అంతా సక్రమమే. సక్రమమని రాసేవాణ్ణి, ఒక్క ముక్క నమ్మేవాణ్ణి కాదు.

ఈ గుణం ఆఫీసులో వదిలేసి ఇంటికి రావడం నాకు చేతకాలేదు. పాలు, పప్పు, గ్యాస్ సిలిండరు, కిరాయి ఇంటి ఓనరు చిరునవ్వు, అన్నిటినీ తిరగేసి చూసేవాణ్ణి. "దేవుడు ఎదురుంగ వచ్చి నిలబడ్డా సీలు చూపియ్యమంటరు మీరు" అనేది మా ఆవిడ.

ఆమెది మాదాపూర్‌లో ఉద్యోగం. అమెరికా డాక్టర్లు రోగిని చూశాక టేపులోకి గబగబా చెప్పే మాటల్ని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని విని, ఇంగ్లీషులో టైపు చేసి తిరిగి పంపాలి. పొద్దున్నే ఆఫీసు వ్యాను వచ్చేది. చల్లటి గది, ఆ చలికి తరచూ పట్టేసే గొంతు, వేళాపాళా లేని తిండి. ఆమెకు గుండె జబ్బుల పేర్లు, ఎముకల పేర్లు స్పెల్లింగుతో సహా వచ్చు. ఆ జబ్బులు ఎలా ఉంటాయో మాత్రం నాకు తెలిసినంతే తెలుసు.

ఒక సాయంత్రం వ్యాను దిగి వచ్చిన ఆమె, నేను కలిసి స్టేషన్ పక్కన కూరగాయలు కొంటున్నాం. బీరకాయ చేదుందేమోనని గోటితో గిల్లి నాలుక మీద పెట్టుకోవడం ఆమెకు అలవాటు. అలా పెట్టుకుంటూనే పడిపోయింది. కేక లేదు, తూలడం లేదు, నా చెయ్యి పట్టుకోవడం లేదు. నిలబడ్డ మనిషి బీరకాయల మీద పడి ఉంది. కూరగాయలామె నీళ్ళు చల్లుతుంటే నేను పేరు పెట్టి పిలుస్తున్నాను, కళ్ళు తెరవదు. కాసేపటికి తెరిచి, "బీరకాయలు తీసుకున్నరా?" అంది. నేను నవ్వలేకపోయాను.

ఆ పక్కనే ఒక చిన్న క్లినిక్కు ఉంటే ఎత్తుకుపోయినట్టే తీసుకుపోయాను. అక్కడి డాక్టరు ముసలాయన, ఆయన ఈసీజీ మిషను ఆయన కంటే ముసలిది. కాగితం పట్టీని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. "ఏదో జర తేడాగ అనిపిస్తున్నది. నా మిషన్ని నమ్మేటట్టు లేదు. పెద్ద దవాఖానకు పోయి చూపియ్యుండ్రి" అని కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టాడు.

మా అమ్మ మాతోనే ఉండేది. ఆమెకు రోగం అప్పుడే తెలిసిపోయింది. "దిష్టి బిడ్డా. గా అద్దాల బంగ్లల పని, ఎంతమంది కండ్లు వడుతయి" అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. కోడల్ని వారం రోజులు గడప దాటనివ్వలేదు. ఆ వారం ఆఫీసుకు సెలవు పెట్టించాను. రోజూ పొద్దున్నే కళ్ళు తెరవగానే నేను ముందు చూసేది ఆమె ఊపిరి ఆడుతోందా లేదా అని. పక్కింటివాళ్ళతో బీపీ తక్కువై పడిపోయిందని చెప్పాను గానీ, నాకు తెలుసు, నేను చూసింది అది కాదు.

వారం చివర పెద్ద దవాఖానకు వెళ్ళాం. పరగడుపున రమ్మన్నారు, పరగడుపునే వెళ్ళాం. గుండె డాక్టరు కోస్తా వైపు ఆయన, నెమ్మదైన మనిషి. ప్రశ్నలన్నీ ఆమెనే అడిగాడు. "ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అంటే లేదంది. నేనూ పక్కనుంచి, బీపీ లేదు, షుగర్ లేదు, మా ఇంట్లో మందుల డబ్బానే లేదని గొప్పగా చెప్పాను.

ఈసీజీ తీశారు. గుండెను తెర మీద చూసే ఎకో పరీక్ష చేశారు. నడిచే పట్టా మీద ఆయాసం వచ్చేదాకా నడిపించారు. మరో రోజు రమ్మని, ఒక చిన్న పెట్టెను నడుముకు కట్టి ఛాతీకి తీగలు అతికించి, పూర్తి ఒక రోజు ఇంట్లో ఉంచుకోమన్నారు. మా అమ్మ ఆ రోజు కోడల్ని గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. చివరికి అన్ని కాగితాలూ ఒక కవరులో పెట్టి ఇచ్చారు. అన్నిటి కిందా ఒకటే మాట, నార్మల్.

"సంతోషమే కదండీ. నీళ్ళు బాగా తాగమనండి, వేళకు తినమనండి. ఒక్కోసారి ఎండకీ నీరసానికీ ఇలా పడిపోతుంటారు" అన్నాడు డాక్టరు.

ఎవరైనా అయితే దండం పెట్టి బయటపడేవారు. నేను బయటి బెంచీ దాకా వచ్చి కూర్చుండిపోయాను. ఎండ ఎక్కడిది, పొద్దుగూకే వేళ పడిపోతే? నా పక్కనాయన కూడా కవరు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని అడిగి ఆయన ఎకో రిపోర్టు మా దానితో పక్కపక్కన పెట్టి చూశాను. పేరు, వయసు తప్ప మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ఒకటే. ఆయనకు పొట్ట ముందుకొచ్చి ఉంది, జుట్టు నెరిసింది. మా ఆవిడ గుండె, ఆయన గుండె కవలపిల్లలు ఎలా అవుతాయి?

ఇంటికొచ్చాక ఆమెకు ఈ దొంగతనం గురించి చెప్పాను. ఆమె తాపీగా పప్పు చేటలో పోసుకుంటూ వింది.

"దొంగతనం ఏంది? మేం గూడ గట్లనే జేస్తం. డాక్టరు నార్మల్ అన్నడనుకో, ముందే టైపు జేసి పెట్టుకున్న పేరా ఒకటుంటది. అది తెచ్చి పెడ్తం."

"అంటే లోపల చూసినోళ్ళు ఎవరు?"

"చూసే ఉంటరు. ఇగ మీరు జర ఊకోండ్రి."

నేను ఊరుకోలేదు. క్లినిక్కు డాక్టరిచ్చిన మొదటి కాగితం, దవాఖాన కాగితం రెండూ పట్టుకుని మళ్ళీ డాక్టరు గదికి వెళ్ళాను. నన్ను వదిలించుకోవడానికేనేమో గానీ, ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఒక్కో గుండె దెబ్బకు ముందు ఒక చిన్న గుట్ట, తర్వాత నిటారుగా ఒక మొన, ఆ తర్వాత మరో గుట్ట. మొన దగ్గర గుండె కొడుతుంది. చివరి గుట్ట దిగేసరికి మళ్ళీ కొట్టడానికి సిద్ధమవుతుంది. గళ్ళ కాగితం మీద గళ్ళు లెక్కపెడితే ఎంత సమయం పట్టిందో తెలుస్తుంది. ఆయన చెప్పింది అర్థమవుతుంటే నాకు పాత కాగితం ఇంకా భయంగా కనబడింది. దవాఖాన కాగితంలో గుట్ట తొందరగా దిగిపోయి, తర్వాతి దెబ్బ దాకా ఖాళీ ఉంది. క్లినిక్కు కాగితంలో ఆ గుట్ట సాగి సాగి, తర్వాతి దెబ్బ దగ్గరదాకా వచ్చేసింది. వచ్చిన చుట్టం ఇంకా చెప్పులు తొడుక్కోకముందే ఇంకో చుట్టం తలుపు కొట్టినట్టు ఉంది.

"అవునండీ, ఇందులో ఆ సమయం ఎక్కువే ఉంది" అన్నాడు డాక్టరు. "కానీ ఇది మీ ఆవిడదే అని ఏమిటండీ నమ్మకం? పేరు లేదు, తేదీ లేదు. మిషను సరిగా నడిచిందో లేదో తెలీదు. మా దగ్గర తీసినవన్నీ బాగున్నాయి కదా."

జీవితమంతా జనాన్ని అలా నిలబెట్టి అడిగిన నన్ను ఒకరు అలా అడగడం అదే మొదలు. నా చేతులతో తీసుకున్న కాగితం, నా జేబులో పెట్టుకున్న కాగితం. మండిపోతూ ఇంటికొచ్చాను.

అప్పటినుంచి నా అనుమానానికి అడ్డూ అదుపూ లేకపోయింది. దవాఖానవాళ్ళు కాగితాలు మార్చేశారనుకున్నాను. ఆఫీసులో ఏదో జరుగుతోంది, ఈమె నా దగ్గర దాస్తోందనుకున్నాను. ఒకరోజు మాదాపూర్‌లో చెకింగు పని ఉందని చెప్పి ఆమె ఆఫీసు మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆడపిల్లలంతా నవ్వుకుంటూ టీ తాగుతున్నారు. మా ఆవిడ కూడా నవ్వుతోంది. నన్ను చూసి నవ్వు ఆపేసింది. "నా మీద గూడ రెయిడు జేస్తున్నరా?" అంది. వ్యానులో ఇంటికొచ్చాక ఆ రాత్రి నా ముందు అన్నం పెట్టి, తన పళ్ళెం తీసుకుని వంటింట్లోకి పోయింది. మా అమ్మ మాత్రం ఉద్యోగం మానిపించు, మానిపించు అని నా చెవిలో పోరుతూనే ఉంది. ఆమెకు ఆ ఉద్యోగం అంటే ప్రాణం. ఏమని మానిపించను, నార్మల్ అని రాసిచ్చాక?

కొన్ని వారాలు గడిచాయి. చల్లటి గదిలో కూర్చుని కూర్చుని ఆమెకు మళ్ళీ గొంతు పట్టేసింది. ఒక సాయంత్రం వ్యాను దిగి ఇంటికొచ్చి, చాయ్ పెడదామని పొయ్యి దగ్గర నిలబడి, ఉన్నట్టుండి గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. "గుండె తన్నుకుంటున్నది" అంది. ఆమె ఛాతీ మీద చెయ్యి పెట్టాను. లోపల చేతికి దొరకని పరుగు. కొద్దిసేపటికి అది ఆగి మామూలైంది. ఆమె లేని ఇల్లు ఒక్క క్షణం కళ్ళముందు కనబడింది, అంతకంటే చెప్పలేను.

"లే, దవాఖానకు పోదాం" అన్నాను.

"పోయి ఏం జేస్తం? మళ్ళ నార్మలే అంటరు."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. వెళ్ళినప్పుడల్లా నార్మల్. ఇంట్లోనేమో ఇలా. వెళ్ళేముందు మనం ఏదో దించేసి పోతున్నాం, కొక్కెం దించినట్టు. ఏమిటది? ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"దవాఖానకు పోయిన రోజుల్ల లేనిది, పడిపోయిన రోజుల్ల ఉన్నది, ఏంది చెప్పు."

"ఆఫీసు" అంది. అంది గానీ అది నాకు ఆనలేదు. ఆఫీసు గుండెలోకి ఎలా దూరుతుంది?

"మీ అమెరికా డాక్టర్లు ఏమేం అడుగుతరు? మొదటి నుంచి చెప్పు."

రోజూ టైపు చేసేదే కాబట్టి ఆమె కళ్ళు మూసుకుని వరసగా చెప్పుకుపోయింది. ఏ బాధతో వచ్చాడు, ఎప్పటినుంచి, ముందు ఏ జబ్బులున్నాయి, ఏ మందులు వాడుతున్నాడు. "మందులంటే వాళ్ళు అన్నీ చెప్తరు. మన లెక్క గాదు. విటమిన్ గోలీ గూడ చెప్తరు, కండ్లల్ల వేసుకునే చుక్కలు చెప్తరు, గ్యాస్ గోలీ" అని ఆగింది. కళ్ళు తెరిచింది.

మా ఇళ్ళల్లో మందు అంటే డాక్టరు రాసిచ్చేది. బీపీకి, షుగర్‌కు జీవితాంతం మింగేది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది మందు కాదు, గోలీ. తలనొప్పికి ఒకటి, గొంతుకు రెండు, గ్యాస్‌కు ఒకటి. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, తాగిన చాయ్‌ని ఎవరూ చెప్పనట్టే. డాక్టరు అడిగినప్పుడు ఆమె అబద్ధం చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆమె లేచి హ్యాండ్‌బ్యాగు తెచ్చి, రెండు గోలీల షీట్లు నా ముందు పెట్టింది. ఒకటి కడుపుబ్బరానికి. ఆఫీసులో వేళకు తిండి లేక అక్కడి ఆడపిల్లలందరూ వేసుకునేదే, ఆఫీసుకు వెళ్ళే రోజు పొద్దున తినేముందు వేసుకుంటుంది. ఇంట్లో ఉంటే అక్కర్లేదు, పరగడుపున రమ్మంటే అసలే వేసుకోదు. ఇంకొకటి గొంతు పట్టినప్పుడు షాపువాడిచ్చేది. కూరగాయల దగ్గర పడిపోయిన రోజూ, ఇవాళా రెండూ కడుపులో ఉన్నాయి.

అప్పటికప్పుడు ఆటో మాట్లాడుకుని దవాఖానకు వెళ్ళాం. గోలీల షీట్లు జేబులో పెట్టుకున్నాను. అక్కడ ముందుగా ఈసీజీ తీయించమని పట్టుబట్టాను. మా గుండె డాక్టరే ఆ వేళ ఉన్నాడు. కాగితం చూడగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. సాగిన గుట్ట. ఈసారి వాళ్ళ మిషనే, వాళ్ళ కాగితమే, మా ఆవిడ పేరు మీదే. నన్నడిగి మొదటి కాగితం తీసుకుని రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు.

"మీరు తెచ్చింది ఈవిడదేనండీ. నాదే పొరపాటు" అన్నాడు.

నేను గెలిచాను, కానీ సంతోషం ఏ మూలా లేదు. ఆమెను మంచం మీద పడుకోబెట్టి తీగలు తగిలించి, ఆ రాత్రంతా అక్కడే ఉంచారు. ఆ కడుపుబ్బరం గోలీ కొందరిలో గుండె సిద్ధమయ్యే సమయాన్ని సాగదీస్తుందట. గొంతు గోలీ తోడైతే మొదటిది ఒంట్లోంచి తొందరగా పోదట. రెండూ కలిస్తే గుండె లయ తప్పి మనిషి నిలబడ్డ చోట పడిపోవచ్చు. లేవకపోనూ వచ్చు. ఈ మందు గురించి ఇప్పుడిప్పుడే తమకు హెచ్చరికలు వస్తున్నాయని చెప్పాడు డాక్టరు.

తెల్లారి గీత మామూలుగా వచ్చింది. గోలీలు రెండూ బంద్ అన్నారు. ఇక లేద్దామనుకుంటుంటే ఆయన ఇంకో మాట అడిగాడు.

"అమ్మా, ఆ మాత్ర మీ ఆఫీసులో అందరూ వేసుకుంటున్నారన్నారు. మీరు ఒక్కరే పడ్డారు. మీ గుండెలోనే పుట్టుకతో కొంచెం ఆ గుణం ఉందేమో. మీ వాళ్ళల్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి పోయారా?"

"లేరు సార్" అంది మా ఆవిడ. గుమ్మం దాకా వచ్చి ఆగింది. "మా అక్క పోయింది. కరెంటు షాక్‌తోని."

డాక్టరు ఎలా అని అడిగాడు. ఆమె చెప్పింది. శంకర్‌పల్లి అవతల వాళ్ళ ఊరు. అక్క పదో తరగతి చదువుతున్నప్పుడు, పొద్దున్నే పొలంలో మోటర్ వెయ్యడానికి పోయింది. స్టార్టర్ నొక్కింది, మోటర్ గట్టిగా మొదలైంది, పిల్ల అక్కడే పడిపోయింది. అరవలేదు. ఒంటి మీద కాలిన గుర్తు లేదు. మోటర్ నడుస్తూనే ఉంది, నీళ్ళు పారుతూనే ఉన్నాయి. అంతకుముందు మోటర్ తీగ తెగితే అతుకు వేసింది వాళ్ళ నాయిన. టేపు లేక గుడ్డ చుట్టాడు. ఆ గుడ్డే బిడ్డను తీసుకుపోయిందని ఆయన నమ్మాడు, ఊరూ నమ్మింది.

"గట్టి చప్పుడుకి ఉలిక్కిపడ్డా ఇలాంటి గుండె ఆగిపోవచ్చు. కానీ ఆ అమ్మాయి ఈసీజీ మన దగ్గర లేదు. అదే అని నేను చెప్పలేనండీ" అన్నాడు డాక్టరు.

దారి పొడుగునా ఆమె ఏడుస్తూనే ఉంది. నాకు మా పెళ్ళిచూపుల రోజు గుర్తొచ్చింది. అందరూ నా జీతం గురించి అడుగుతుంటే మా మామ ఒక్కడే, నాది కరెంటు ఆఫీసని తెలిసి, "కరెంటు గుంజితే మనిషి కేక వెయ్యకుంట పోతడా?" అని అడిగాడు. ఒక్కోసారి అలాగే అవుతుందని ఉన్నమాట చెప్పాను. అదేం ప్రశ్న, ఈయన మనసులో ఏముందోనని అప్పట్లో నాకు అదీ అనుమానమే.

ఆదివారం హఫీజ్‌పేటలో రైలెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాం. మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా ఆవిడ నోరు తెరిచి చెప్పలేక లోపలికి పోయి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. నేనే చెప్పాను. గోలీల సంగతి, గీత సంగతి, డాక్టరు అడిగిన మాట. మోటర్ చప్పుడు అనగానే ఆయన తల ఎత్తాడు.

"అంటే, నా బిడ్డ కరెంటుతోని పోలేదా?"

చెప్పలేం అన్నాడు డాక్టరు. కాగితం లేదు, గీత లేదు, కొలవడానికి ఏమీ లేదు. చూడనిదాన్ని చూశానని నేను ఏ రోజూ ఎక్కడా రాయలేదు, ఎవరెంత బతిమాలినా.

"పోలేదు మామా. కరెంటు గాదు" అన్నాను.

ఆయన తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. తర్వాత ముఖం తుడుచుకుని, లోపలికి చూశాడు.

"మరి ఇగ చిన్నదానికేం గాదు గద?"

అదే గొంతుతో ఆ మాట కూడా అనేస్తే అయిపోయేది. ఆయన దానికోసమే ఎదురుచూస్తున్నాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"చూసుకుంట మామా" అన్నాను.